సంఘ కాపరి – పని అప్పగించుట

(శతవార్షికోత్సవముల సందర్భముగా జరిగిన పాస్టరేటు కమిటీ సభ్యుల, గ్రామ సంఘ పెద్దల సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సదస్సులో మాకిచ్చిన అంశము "నాయకుడు – సహకారము". ఉత్తరము అందిన రోజున మా ఇంట్లో నవ్వుకున్నారు. పని పంచుకొనుటను గురించి చెప్పుటకు మిమ్మునా పిలిచినది అని. వారు నవ్వుటకు కారణమున్నది. ఆ కారణము ముందు చెప్పి, తరువాత మిగిలినది చెప్పుట న్యాయము.

2012 జూన్ నెలలో మేము ఒక పాస్టరేటునకు బదిలీ అయి వెళ్ళాము. కేంద్ర గ్రామముతో కలిపి పదకొండు ఊళ్ళు. అన్నిటికంటె దూరపు ఊరు పంతొమ్మిది కిలోమీటర్లు. అందులో చివరి నాలుగు కిలోమీటర్లు చెరువు కట్ట మీద మట్టి బాట, వాన పడితే బండి దిగి నడవవలసినదే. ఊళ్ళ పేర్లు, మనుష్యుల పేర్లు చెప్పము. వారిలో కొందరు ఈ సభలో కూర్చొని ఉన్నారు.

మేము వెళ్ళిన రెండు నెలలలో ఆ పాస్టరేటులోని తాళపు చెవులన్నీ మా జేబులోకి చేరినవి. గుడి తాళము, బీరువా తాళము, కానుకల పెట్టె తాళము, మైకు సెట్టు ఉంచిన గది తాళము, చివరకు సమాధుల తోట గేటు తాళము కూడా. లెక్కల పుస్తకము మేమే వ్రాసేవారము. రశీదు పుస్తకములు మా ఇంట్లోనే. క్రిస్మసు నాటకములో గొల్లవారికి తలపాగాలు ఎవరి ఇంటినుండి తేవలెనో కూడా మేమే నిర్ణయించేవారము. అంతకు ముందు ఆ సంఘములో లెక్కల విషయమై కొంత గొడవ జరిగినది. "అయ్యగారూ, ఇక్కడ ఎవరినీ నమ్మకండి" అని వచ్చిన మొదటి వారములోనే ముగ్గురు వచ్చి చెప్పారు. ఆ ముగ్గురూ ఒకరిని గురించి మరొకరు చెప్పారన్నది తరువాత తెలిసినది.

వేదాంత కళాశాలలో మాకు గ్రీకు చెప్పారు, హెబ్రీ చెప్పారు, సంఘ చరిత్ర చెప్పారు, ప్రసంగము ఎట్లు సిద్ధపరచవలెనో చెప్పారు. ఒక పనిని మరొక మనిషి చేతిలో ఎట్లు పెట్టవలెనో ఎవరూ చెప్పిన గుర్తు లేదు. ఒకవేళ చెప్పియుంటే ఆ రోజున మేము సెలవులో ఉండి ఉంటాము.

అయితే కళాశాల మీద నెట్టుట సరికాదు. ఆ పనులన్నీ మా చేతిలో ఉండుట మాకు ఇష్టముగా ఉండేది. "మా అయ్యగారు తెల్లవారుజామున లేచి రాత్రి పదకొండుకు గాని పండుకోరు" అని జనము చెప్పుకొనేవారు. ఆ మాట మా చెవిన పడినప్పుడు అలసట కొంత తగ్గేది. అసలు సంగతి అది.

2013 డిసెంబరు రెండవ వారము. పండుగ దగ్గరపడినది. గుడికి సున్నము వేయవలెను, వరండాకు రేకులు మార్చవలెను. మేము ఉదయముననే పట్నము వెళ్ళి రేకుల దుకాణములో బేరము చేస్తున్నాము. పదిన్నర గంటలకు ఆ దూరపు గ్రామము నుండి ఫోను వచ్చినది. ఒక వృద్ధురాలు, ఎనుబది ఏండ్లు దాటినామె, మంచము పట్టి నెల అయినది. "నాయనమ్మ ప్రభువు భోజనము అడుగుతున్నది అయ్యగారూ, మీరు ఒకసారి రావలెను" అని మనుమడు చెప్పాడు. సాయంత్రము వస్తామని చెప్పాము. దుకాణమువాడు రేకులు బండికి ఎత్తించేసరికి మూడయినది. ఇంటికి చేరేసరికి చీకటి. రేపు ఉదయము అనుకున్నాము. ఉదయము మైకు సెట్టు బాగుచేయువాడు వచ్చాడు, వాడు మరల దొరకడని కూర్చున్నాము. సంస్కారపు పెట్టె పట్టుకొని ఆ ఊరు చేరేసరికి మధ్యాహ్నము ఒంటిగంట. ఆమె పది గంటలకే ప్రభువు నందు నిద్రించినది.

ఆ ఇంట్లో ఎవరూ మమ్మును ఒక్క మాట అనలేదు. కుర్చీ వేశారు, మంచినీళ్ళిచ్చారు. ఆమె పెద్ద కుమారుడు మాత్రము, "మీకు పని ఎక్కువ కదా అయ్యగారూ" అన్నాడు. ఎత్తిపొడుపుగా కాదు, నిజముగానే. తరువాత కొంతసేపటికి అడిగాడు, "నిన్న రేకులకు వెళ్ళినారట గదా. మా అన్న కొడుకు లారీ మీద పోతాడు, వారానికి రెండు సార్లు ఆ పట్నమే. వానికి చెప్పియుంటే వాడే తెచ్చియుండునే."

ఆ రేకులు ఎవరైనా తేగలరు. ఆ మంచము దగ్గర మోకరించి ఆమె నోటికి రొట్టె, ద్రాక్షరసము అందించుటకు ఆ పదకొండు గ్రామములలో అభిషేకము పొందినవారము మేము ఒక్కరమే. ఎవరైనా చేయగల పని చేస్తూ, మేము తప్ప మరెవరూ చేయలేని పనిని విడిచిపెట్టాము. మేము, మేము అని చెప్పుచున్నాము గాని ఆ తప్పులో మరెవరికీ భాగము లేదు.

ఆ పండుగ ఎట్లు గడిచినదో మాకు గుర్తు లేదు. జనవరిలో అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయము తీసి చదివాము. ఎన్నోసార్లు ప్రసంగము చేసిన భాగమే. యెరూషలేము సంఘములో గ్రీకు భాష మాట్లాడు యూదుల విధవరాండ్రకు దినదిన పరిచర్యలో సరిగా అందుట లేదని సణుగు పుట్టినది. అపొస్తలులు ఏడుగురిని ఏర్పరచుకొమ్మని సంఘమునకే చెప్పారు. ఇక్కడ ఒక సంగతి మేము ఇంతకాలము గమనింపలేదు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు: ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. గ్రీకు పేరు పెట్టుకున్న హెబ్రీ యూదులు కూడ ఆ కాలమున లేకపోలేదు గాని, ఏడుకు ఏడూ అట్లుండుట చూస్తే సణిగిన పక్షము వారి చేతికే భోజనపు బల్లను అప్పగించినట్లు తోచుచున్నది. మన సంఘములలో ఎవరైనా సణిగితే ఏమి చేస్తాము? కమిటీలోనుండి తీసివేస్తాము.

అపొస్తలులు బల్లల పని తక్కువ పని అని అనుకొన్నారని కొందరు చెప్పుతారు. తక్కువ పని అయితే దానికి ఆత్మతోను జ్ఞానముతోను నిండినవారిని వెదకనక్కరలేదు. ప్రార్థన చేసి వారి మీద చేతులుంచనక్కరలేదు.

మోషే మామగారైన యిత్రో సంగతి మీకందరికీ తెలిసినదే. అల్లునికి మామగారు సలహా చెప్పుట మామూలే గాని అల్లుడు వినుట మన ఇండ్లలో అరుదు, మోషే విన్నాడు. ఉదయము మొదలు సాయంకాలము వరకు మోషే ఒక్కడే కూర్చొని తీర్పు తీర్చుటను ఆయన చూశాడు. వెయ్యిమందికి, నూరుమందికి, యాబదిమందికి, పదిమందికి అధిపతులను పెట్టుమన్నాడు. కష్టమైన వ్యాజ్యెములు మాత్రము మోషే యొద్దకు రావలెను. ఈ భాగము చదివినప్పుడు మనము మోషే అలసటను గురించియే మాట్లాడుతాము. యిత్రో మాటలో మరొక సగమున్నది. నీవును, నీతో ఉన్న ఈ ప్రజలును నలిగిపోవుదురని ఆయన భావము. ఉదయము నుండి సాయంకాలము వరకు వరుసలో నిలువబడినది ప్రజలు. పనులన్నీ ఒక్కని చేతిలో ఉంటే ఆ ఒక్కనికి పేరైనా మిగులుతుంది. వరుసలో నిలుచున్నవానికి ఎండ తప్ప ఏమీ మిగలదు. ఆ వృద్ధురాలు ఆ వరుసలో చివర ఉన్నది.

మన తెలుగు దేశపు సంఘ చరిత్రలోను ఇట్టి సంగతులు గలవు. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు దగ్గర వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి పేరుతోనే ఈ సంగతి చెప్పుకొనుట అలవాటు. అయితే ఆ దినము బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఒకేసారి ఇద్దరు నీళ్ళలో ఉండేవారు; వారు అలసిపోతే మరి ఇద్దరు దిగేవారు. దానికి ముందు 1876 – 78 కరవులో దొరగారు బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ళ త్రవ్వకమును కాంట్రాక్టు తీసుకొని, కూలీల ముఠాల మీద తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. పగలు మట్టి పని చూచి, విరామములో ఆ మనుష్యుల మధ్యనే కూర్చొని మాట్లాడినవారు వారే. బోధకులకు అంతకుముందే బాధ్యత అప్పగింపబడి ఉండకపోతే నది ఒడ్డున ఆ దినము ఆరుగురు ఎక్కడనుండి వచ్చేవారు?

బిషప్ అజరయ్యగారు 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది దోర్నకల్లుకు వచ్చారు. ఆంగ్లికన్ సంఘములో తొలి భారతీయ బిషప్పు. తమిళుడు, తెలుగు నేర్చుకున్నవారు. బాప్తిస్మము పొందినవారి చేత వారి చెయ్యి వారి తల మీదనే పెట్టించి, సువార్త ప్రకటించుట ఇక నా బాధ్యత అను భావము గల మాటలు చెప్పించేవారు. చదువు వచ్చినవారి చేత మాత్రమే కాదు, నాగలి పట్టినవారి చేత, నాట్లు వేయు స్త్రీల చేత కూడ. శిక్షణకు వచ్చిన ఉపదేశులతోపాటు వారి భార్యలకును శిక్షణ ఉండేది. ఈ చివరి సంగతిని గురించి కొంచెము తరువాత చెప్పుతాము.

సరే, మేము ఏమి చేశాము? మొదట తప్పు దారినే పట్టాము. ఆరాధన చివర ప్రకటనలలో "సంఘ పనులలో సహాయము చేయగోరువారు ముందుకు రావలెను" అని చదివాము. ఎవరూ రాలేదు. రెండవ వారము చదివాము. ఒకరు వచ్చారు, ఆయన అప్పటికే నాలుగు కమిటీలలో ఉన్నాడు. అందరినీ అడిగితే ఎవరినీ అడిగినట్లు కాదని ఇంటివారు చెప్పారు.

అప్పుడు ఒక రిటైరయిన టీచరమ్మగారి ఇంటికి వెళ్ళాము. ఆమె అరుగు మీద కూర్చొని చేటలో కందిపప్పు ఏరుతున్నది. "అమ్మా, లెక్కల పుస్తకము మీరు వ్రాయవలెను" అన్నాము. ఆమె చెయ్యి ఆగినది. "ముప్పది ఒక్క సంవత్సరములు పిల్లల చేత లెక్కలు చేయించినాను. ఈ సంఘములో నన్ను ఒక్క లెక్క అడిగినవారు లేరయ్యగారూ" అన్నది. రెండవ రోజే కొత్త పుస్తకము కొని, స్కేలు పెట్టి గీతలు గీసి తెచ్చినది.

లెక్కలు చదవరని, విధవరాండ్రకు బియ్యము పంచుటలో పక్షపాతమున్నదని ఎప్పుడూ అంటూ ఉండే ఒక దర్జీ ఉండేవాడు. యెరూషలేము పద్ధతిని అనుసరించి, పిడికెడు బియ్యపు డబ్బాలు, పంపిణీ జాబితా ఆయనకు, రెండవ ఇంటిపేరు వారిలో ఒకరికి కలిపి అప్పగించాము. మూడు నెలలలో ఆయన మీద ఇతరులు సణుగుట మొదలుపెట్టారు. ఆయన మా యొద్దకు వచ్చి, "ఎంత చేసినా ఈ జనమునకు తృప్తి లేదయ్యగారూ" అని మొరపెట్టుకున్నాడు. మేము నవ్వలేదు గాని చాల కష్టపడ్డాము.

అప్పగించుటలో మేము మెల్లమెల్లగా నేర్చుకున్న సంగతులున్నవి. పని ఇచ్చి తాళపు చెవి ఇవ్వకపోతే అది పని ఇచ్చినట్లు కాదు. మైకు గది బాధ్యత యౌవనస్థులకు ఇచ్చి, తాళము మా యొద్దనే ఉంచుకొని, వారు ప్రతి ఆదివారము మా తలుపు తట్టేటట్లు చేశాము. ఐదువందల రూపాయల లోపు ఖర్చుకు మమ్మును అడుగనక్కరలేదని కమిటీ మినిట్సు పుస్తకములో వ్రాయించిన తరువాత గాని గుడిలో కాలిపోయిన బల్బు ఆ రోజే మారుట మొదలుకాలేదు. మినిట్సులో వ్రాయుట ముఖ్యము. లేకపోతే రెండవ పెద్ద వచ్చి "నీకెవరు చెప్పారు?" అని అడుగుతాడు, పని చేయువాడు తలవంచుకొని ఇంటికి పోతాడు. ఒక సంవత్సరమునకు అని గడువు చెప్పుట కూడ మంచిది. జీవితకాలము అంటే ఎవరైనా భయపడతారు. కొందరు సంతోషిస్తారు, అది ఇంకా ప్రమాదము.

ఒక సహోదరికి రోగులను దర్శించు పని ఇచ్చాము. బాగుగా ప్రార్థించునామె. రెండు నెలలు చేసి మానుకొన్నది. భక్తి తగ్గినదనుకున్నాము. అడిగితే తెలిసినది, ఆమె దర్శించిన ప్రతి దినము నాట్ల కూలి పోయినది. ఆ కూలి మీదనే ఆ ఇల్లు నడుస్తున్నది. మాకు జీతము వచ్చు పనిని ఆమెకు కూలి పోవు పనిగా అప్పగించాము. ఆమె నోరు తెరచి చెప్పలేదు, మేము అడుగలేదు. తరువాత ఆ పనిని ఆదివారము సాయంత్రమునకు మార్చి, మరి ఇద్దరిని జతచేశాము.

ఇప్పుడు టీచరమ్మగారి సంగతికి వస్తాము. 2014 కోత పండుగ. మీకు తెలుసు, ఆరాధన తరువాత కానుకగా వచ్చిన ధాన్యము, గుమ్మడికాయలు, కోళ్ళు వేలము వేస్తారు. పాట పాడినవారు ఆ క్షణములో ఉత్సాహముగా పాడి డబ్బు తరువాత ఇస్తామంటారు. ఆ రోజు పుస్తకములో మొత్తము 14,360 రూపాయలు. పెట్టెలో ఉన్నది 13,220. కమిటీలో 1,140 రూపాయలు తక్కువని తేలినది. ఆమె తికమకపడి సరిగా సమాధానము చెప్పలేకపోయినది. మేము అందరి ఎదుటనే, "సరే అమ్మా, పుస్తకము ఇటివ్వండి, మేము చూచుకుంటాము" అన్నాము. ఆమె పుస్తకమును బల్ల మీద పెట్టి వెళ్ళినది. ఆ ఆదివారము ఆమె గుడికి రాలేదు. మరుసటి ఆదివారము కూడ రాలేదు.

మా ఇంట్లో ఒక ప్రశ్న వచ్చినది. "కిందటి సంవత్సరము కోత పండుగకు ఎనిమిదివందలు తగ్గితే మీరేమి చేశారు?" ఏమి చేశామో మా ఇద్దరికే తెలుసు. జీతములోనుండి వేసి, పుస్తకము సరిచేసి, ఎవరికీ చెప్పలేదు. మా చేతిలో తగ్గితే అది త్యాగమైనది. ఆమె చేతిలో తగ్గితే అది అనుమానమైనది.

పుస్తకము తీసుకొని ఆమె ఇంటికి వెళ్ళాము. ఆమె లోపలికి వెళ్ళి ఒక కాగితము తెచ్చినది. అరువు పెట్టినవారు ఏడుగురు; ఎవరు ఏ కోడికి, ఏ గుమ్మడికాయకు ఎంత ఇవ్వవలెనో వ్రాసి ఉన్నది. ఆ రెండు వారములలో ఇల్లిల్లు తిరిగి 1,080 రూపాయలు వసూలు చేసినది. ఒకాయన అరువది రూపాయలు మిగిలినవి. డబ్బు రుమాలులో కట్టి ఉన్నది. పుస్తకము తిరిగి తీసుకొమ్మని బ్రతిమాలాము. ఆమె, "తప్పు వస్తే నన్ను అడగండి అయ్యగారూ. పుస్తకమును అడగవద్దు" అన్నది. అరువునకు వేరే గడి పెట్టుటకు ఒప్పుకుంటేనే తీసుకుంటానన్నది. మేము వ్రాసిన రోజులలో ఆ గడి లేదు. మరుసటి కమిటీలో జరిగినది మేమే చెప్పాము, మా ఎనిమిదివందల సంగతితో సహా. చెప్పుటకు ముందు రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంటివారిని గురించి ఒక మాట. అజరయ్యగారి కాలములో భార్యలకు శిక్షణ ఇచ్చి పని అప్పగించేవారని చెప్పాము. ఈ దినములలో అమ్మగారికి ఎవరూ పని అప్పగించరు. అది తనంతట వచ్చి పడుతుంది. సండే స్కూలు, స్త్రీల మైత్రి, రాత్రి పది గంటలకు వచ్చిన అతిథులకు అన్నము, మేము లేనప్పుడు వచ్చినవారి కన్నీళ్ళు. అడుగకుండ తీసుకొన్న సహాయమును సహకారమనుట సరికాదు. మేము ఆ సంగతి గ్రహించి మొదటిసారి "ఈ పని మీరు చేయగలరా, లేక వేరెవరినైనా చూడమంటారా?" అని అడిగిన రోజున, "సండే స్కూలు ఉంచుకుంటాను, మిగిలినది చూడండి" అని వెంటనే సమాధానము వచ్చినది. ఎంతకాలముగా ఆ సమాధానము సిద్ధముగా ఉన్నదో మాకు తెలియదు. తోటి గురువులారా, ఈ సాయంత్రము మీ ఇంట్లో అడిగి చూడండి.

దూరపు గ్రామములో ఆ వృద్ధురాలి పెద్ద కుమారునికి బుధవారపు ప్రార్థన కూడిక అప్పగించాము. ఆయన ఎక్కువ చదువలేదు. బైబిలు వ్రేలు పెట్టి చదువుతాడు. ఒక సంవత్సరము గడిచేసరికి ఆ ఊరివారు తమ తగవులు కూడ ఆయన యొద్దకే తీసుకొని పోవుట మొదలుపెట్టారు. విడిపోయిన ఒక భార్యాభర్తలను ఆయన, ఆయన భార్య కూర్చోబెట్టి మాట్లాడి కలిపారు. మాకు మూడు వారములకు గాని తెలియలేదు. తెలిసినప్పుడు మొదట కలిగినది సంతోషము అని చెప్పగలిగితే బాగుండును. "మాకు ఒక్క మాట చెప్పనైనా చెప్పలేదే" అనిపించినది. సంఖ్యాకాండము పదకొండవ అధ్యాయములో ఎల్దాదు, మేదాదు అను ఇద్దరు గుడారము దగ్గరకు రాకుండ పాళెములోనే ప్రవచించగా, యెహోషువ వారిని ఆపుమని మోషేతో చెప్పాడు. నా కొరకు నీవు రోషపడుచున్నావా అను భావముతో మోషే ఆయనను అడిగాడు. మా విషయములో యెహోషువ కూడ మేమే. ఎవరో వచ్చి రోషము రేపనక్కరలేకపోయినది.

అన్నీ అప్పగింపదగినవి కావు. సంస్కారములు మా అభిషేకమునకు చెందినవి. ఒకరు రహస్యముగా చెప్పుకొన్న దుఃఖమును మరొకరి చేతిలో పెట్టరాదు. బ్యాంకు చెక్కు మీద రెండు సంతకములుండవలెనన్న నియమమును ఎవరి మంచితనమును చూచియు సడలించరాదు, మన మంచితనమును చూచియు.

2018లో మాకు బదిలీ అయినది. కొత్త పాస్టరేటులో తొమ్మిది గ్రామములు. మేము నేర్చుకున్నదంతా అక్కడ వెంటనే మొదలుపెట్టామని మీరనుకొంటారు. లేదు. కొత్త చోటు గదా, మనుష్యులు తెలియదు గదా, ఒక సంవత్సరము మనమే చూచుకుందాము అనుకున్నాము. ఆ ఒక సంవత్సరము రెండయినది. 2020 మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌను వచ్చినది. మేము ఊరు దాటలేము. ఏప్రిల్ 10న మంచి శుక్రవారము, 12న ఈస్టరు. మా తొమ్మిది గ్రామములలో ఏడు గ్రామములనుండి ఫోనులు: "అయ్యగారూ, మేమేమి చేయవలెను?" ఎవరి ఇంట్లో వారు ఎట్లు ప్రార్థించుకోవలెనో చెప్పుటకు, పని లేక పస్తులున్న ఇండ్ల జాబితా వ్రాయుటకు మనిషి లేడు, ఎందుకంటే మేము మనిషిని తయారుచేయలేదు. రెండు వారములు ఫోను మీద ఒక్కొక్క ఇంటి సంగతి మేమే కనుక్కున్నాము. కొన్ని ఇండ్లకు బియ్యము ఆలస్యముగా చేరినది. ఆ ఇండ్లలో పసిపిల్లలున్నారు.

ఆ వారములోనే పాత పాస్టరేటులోని దర్జీకి మేమే ఫోను చేశాము, ఎట్లున్నారని. పిడికెడు బియ్యపు జాబితా ప్రకారము ముప్పది నాలుగు ఇండ్లకు మొదటి వారములోనే బియ్యము చేర్చామని చెప్పాడు. సంఘమువారు కాని ఇండ్లు కూడ అందులో ఉన్నవి. బుధవారపు కూడిక ఇంటింట అదే గంటకు జరుగుచున్నదని, దూరపు గ్రామములో పెద్దాయన వాక్యభాగమును ముందురోజు వాట్సాప్‌లో మనుమని చేత పంపించుచున్నాడని చెప్పాడు. అక్కడ అప్పుడున్న గురువుగారిని అడిగితే, "అన్నా, నేను వచ్చేసరికే ఇక్కడ అంతా నడుస్తున్నది, నేను మంచముల దగ్గరకు, సమాధుల దగ్గరకు వెళ్ళుతున్నాను" అన్నారు.

ఫోను పెట్టిన తరువాత మా బల్ల మీద ఉన్న తాళపు చెవుల గుత్తి వైపు చూశాము. మరల అంత బరువయినది. ఆ సంవత్సరము జూన్‌లో ఒక్కొక్క గ్రామమునకు వెళ్ళి, ఒక్కొక్క ఇంటి అరుగు మీద కూర్చొని, మరల మొదటినుండి మొదలుపెట్టాము. ఇప్పుడు తొమ్మిదిలో ఆరు గ్రామములు నడుస్తున్నవి. మూడింటిలో ఇంకా మేమే బల్బులు మార్చుచున్నాము.

2022లో ఒక పెండ్లికి పాత పాస్టరేటునకు వెళ్ళాము. గుడి వరండా మీద ఆ రేకులే ఉన్నవి, కొంచెము త్రుప్పు పట్టినవి. టీచరమ్మగారు లెక్కల పుస్తకమును డిగ్రీ చదువుచున్న ఒక అమ్మాయికి అప్పగించి, ప్రక్కన కూర్చొని చూస్తున్నది. దూరపు గ్రామపు పెద్దాయన చెయ్యి పట్టుకొని పలకరించి, పని ఉన్నదని వెళ్ళిపోయాడు. మిగిలినవారు ఎవరి పనిలో వారున్నారు. మేము వెనుక వరుసలో కుర్చీ వేసుకొని కూర్చున్నాము. మమ్మును ఎవరూ ఏమీ అడుగలేదు. మజ్జిగ పంచుచున్న ఒక పిల్లవాడు మాత్రము వచ్చి, "మీరు ఏ ఊరినుండి వచ్చారండి?" అని అడిగాడు. పెండ్లికుమార్తె తరపువారమని చెప్పాము.